వాన పుస్తకంలో ఖాళీ గడులు

మొన్న ధర్మవరం నుంచి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒక చిన్న ప్యాకెట్ చించి, అందులోని తడి కాగితంతో చేతులు తుడుచుకుంది. నిమ్మకాయ వాసన గుప్పుమంది. మనం నిమ్మకాయ కోసినప్పుడు వచ్చే వాసన కాదు. దాంట్లో కొంచెం స్పిరిటు ఘాటు కలిసి, ముక్కులోకి చల్లగా పోయే వాసన. దిగాల్సిన చోటు వచ్చేదాకా నేను ఆ వాసనలోనే కూర్చున్నాను. అంతకుముందు ఒకే ఒక్కసారి, మా ఇంట్లో, గుల్‌షెన్ చేతిలోని సీసా నుంచి వచ్చింది ఆ వాసన.

గుల్‌షెన్ టర్కీ దేశపు అమ్మాయి. వానల మీద పరిశోధన చేయడానికి అనంతపురం వచ్చి, బుక్కరాయసముద్రంలో గది తీసుకుని, దాదాపు రెండేళ్ళు ఉంది. పొట్టి మనిషి, పెద్ద పెద్ద అంగలు వేసి నడిచేది. మనల్ని దిద్దినవాళ్ళు అంటే వయసులో పెద్దవాళ్ళనే అనుకుంటాం. నాకప్పుడు నలభై తొమ్మిది, ఆమెకు ఇరవై తొమ్మిది. నా విషయంలో ఆ లెక్క తిరగబడింది.

నేను కొత్తచెరువులో పట్టుచీరలు నేసేవాణ్ణి. పదో తరగతి దాకా చదివి, లెక్కల్లో తప్ప అన్నింట్లో తప్పాను. మగ్గం మీద లెక్క తప్పితే చీర తప్పుతుంది కాబట్టి లెక్క మాత్రం నన్ను వదల్లేదు. వీధిలో ఎవరికి కొత్త అంచు కావాలన్నా ఏ పోగు ఎక్కడ లేవాలో గళ్ళ కాగితం మీద వేసి ఇచ్చేవాణ్ణి. ఒకసారి పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టి ఉండగా, మబ్బు జాడ కూడా లేని రోజున, అరగంట వాన వచ్చి పట్టు మొత్తం పాడైంది. ఏ రోజుల్లో వాన భయం తక్కువో ముందే తెలిస్తే బాగుండునని అప్పుడు అనిపించింది. మిద్దె మీద ఒక పాలపొడి డబ్బా పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదింటికి అందులో ఇనుప స్కేలు ముంచి, ఎన్ని మిల్లీమీటర్లో నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఏడాదికి ఒక పుస్తకం, రోజుకు ఒక గడి.

మొదటి రోజు వాన పడలేదు. 'వాన లేదు' అని రాశాను. మా అమ్మకు చదువు రాదు. ఏం రాసినావని అడిగితే చదివి వినిపించాను. ఆమె మొహం చిట్లించింది. "బియ్యం అయిపోతే కూడా నిండుకున్నాయంటాం గానీ లేవంటామా? ఈ సీమలో కూర్చోని వాన లేదని నీ చేత్తో నువ్వే రాసుకుంటావా?" అంది. పోనీ సున్నా చుడతానంటే అదీ వద్దంది. సున్నా కూడా లేదనే కదా చెప్పేది. ఆ రోజు నుంచి వాన పడితే అంకె, పడకపోతే ఖాళీ గడి. మా వైపు అలాంటి పుస్తకం ఎట్లా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. పేజీలకు పేజీలు తెల్లగా ఉండేవి.

అలాంటివి పంతొమ్మిది పుస్తకాలయ్యాక గుల్‌షెన్ మా గుమ్మంలోకి వచ్చింది. ఎవరి దగ్గరైనా చేత్తో రాసిన పాత వాన లెక్కలున్నాయా అని ఊరూరా అడుగుతూ వస్తుంటే, మా పక్కింటి మస్తాన్ వెంటబెట్టుకుని వచ్చాడు. మస్తాన్ కూడా నేతగాడే, నోరు కొంచెం ఎక్కువ. "మా రామాంజి ఇసాబు తప్పడు మేడం" అన్నాడు. ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. వాళ్ళ భాషలో కూడా లెక్కను హెసాప్ అంటారట. గుమ్మంలో నిలబడే వాళ్ళిద్దరూ మాటలు పంచుకోవడం మొదలుపెట్టారు. కలం, కితాబు, దునియా, హవా అన్నీ కలిశాయి. ఒక్క ఖాలా దగ్గర తేడా వచ్చింది. మస్తాన్‌కు ఖాలా అంటే అమ్మ చెల్లెలు. ఆమెకు 'హలా' అంటే నాయన అక్క. "వరసలు మీరు తప్పినారో, మేము తప్పినామో" అని మస్తాన్ నవ్వాడు.

ఆమెది పల్లెల్లో తిరిగి నేర్చుకున్న తెలుగు. మొదటి రోజే నన్ను "ఏమప్పా" అని పిలిచింది. అది తోటివాళ్ళను పిలిచే మాట అని మస్తాన్ చెబితే నాలుక కరుచుకుని, అప్పటి నుంచి "అన్నా" అంది. మిద్దె ఎక్కి డబ్బాను చూసి, ఇది ఇంతే వెడల్పు ఎందుకు ఉంది అని అడిగింది. వెడల్పుతో పనిలేదు, గోడలు నిలువుగా ఉంటే చాలని చెప్పాను. ఆ సంగతి నాకెట్లా తెలుసని అడిగింది. మొదట్లో నాకూ అదే అనుమానం వచ్చి, చిన్నదీ పెద్దదీ మధ్యరకందీ మూడు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఒక వానాకాలమంతా కొలిచాను. మూడింట్లో నీళ్ళ ఎత్తు ఒకటే వచ్చింది. ఆ మాట చెప్పగానే ఆమె మిద్దె మీద, ఎండలో, కాళ్ళు చాపుకుని కూర్చుండిపోయింది. "నేను దీన్ని పుస్తకంలో చదువుకున్నా అన్నా. నువ్వు డబ్బాల్లో చూసినావు" అంది. అంతవరకూ నా లెక్కలను పిచ్చి అన్నవాళ్ళే గానీ, చదువుకున్న మనిషి ఒకరు వాటి ముందు కూర్చోవడం నేను ఎరగను.

కిందికి వచ్చాక పుస్తకాలు తెరిచి, ఈ ఖాళీలు ఏంటని అడిగింది. ఖాళీ అంటే వాన పడలేదని అన్నాను. లేదు అని రాయకూడదన్న అమ్మ మాట కూడా చెప్పాను. ఆమెకు అది ఎంతో నచ్చింది. వాళ్ళ నాయనమ్మ వానను వాన అనేది కాదట, 'రహ్మెత్' అనేదట. ఆ మాటకు అర్థం దయ అని మస్తాన్ నాకు చెప్పాడు. గుల్‌షెన్ తన పుస్తకంలో ఏదో రాసుకుంది. ఖాళీ అంటే సున్నా అని రాసుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఆదివారాలు బస్సెక్కి వచ్చేది. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, గట్టు మీద కూర్చుని ఒక్కో పేజీ ఫోటో తీస్తూ, పాలు లేని టీ తాగుతూ మాట్లాడేది. వాళ్ళదీ ఎత్తైన, వాన తక్కువ పడే నేలేనట. వాళ్ళ నాయన గోధుమ వేస్తాడు. బోర్లు లోతుకు పోయి పోయి, కింద నీళ్ళు ఖాళీ అయిన చోట ఉన్నట్టుండి పొలం కుంగి, బావి కంటే పెద్ద గుంతలు పడతాయట. అంత దూరం నుంచి మా కరువును చూడటానికి ఎందుకు వచ్చావని అడిగితే, సొంత ఇంటి జబ్బు పక్కింట్లో ఉంటే తేటగా కనిపిస్తుందని అంది. వానలను చదివితే వానలు వస్తాయా అని మస్తాన్ ఎగతాళి చేస్తే మాత్రం ఫోటోలు తీయడం ఆపింది. "రావు అన్నా. వాన గురించి అబద్ధం చెప్పకుండా ఉండొచ్చు, అంతే" అంది.

ఆమె రోజూ పొద్దున తమ దేశపు వార్తలు రెండు చోట్ల చదివేది. ఒకటి ప్రభుత్వాన్ని మోసేది, ఇంకొకటి తిట్టేది. రెండింట్లోనూ ఒకేలా ఉన్న వాక్యాలకు మాత్రం ఒక గుర్తు పెట్టుకునేది. చాలా రోజులు ఒక్క గుర్తు కూడా పడదని చెప్పేది. సైన్సు గొప్పదనం అన్నీ తెలియడంలో లేదనీ, నిన్న చెప్పింది తప్పని ఈరోజు చెప్పినవాణ్ణి ఊరి నుంచి వెళ్ళగొట్టకపోవడంలో ఉందనీ అనేది. సంబంధాలు చూస్తున్నారా అని అమ్మ అడిగితే, "చూస్తాండారు అవ్వా, చూడనీకి వస్తే నేనే ఇంట్లో దొరకడంలే" అంది. అమ్మ ఆ మాటను వారం రోజులు వీధంతా తిప్పింది.

రెండో ఏడాది చలికాలంలో ఒక ఆదివారం ఆమె కంప్యూటర్ తెరిచి ఒక బొమ్మ చూపించింది. వేరుశనగ కాలంలో రెండు వానల మధ్య ఎడం ఏటేటా పెరుగుతోందా అన్నదే ఆమె పరిశోధన. ఏడాదికి ఒక నిలువు గీత. పంతొమ్మిది గీతల్లో ఒకటి తాటిచెట్టులా లేచి ఉంది. ఆ ఏడాది అరవై ఒక్క రోజులు చినుకు పడలేదట. ఎడం పెరుగుతోందని చెప్పడానికి ఆ గీతే పెద్ద సాక్ష్యం. నెలాఖరుకు వ్యాసం పంపుతున్నాననీ, అందులో నా పేరు కూడా ఉంటుందనీ చెప్పింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

అది ఏ ఏడాదో చూశాను. ఆ ఏడాది నా భార్యకు ఆపరేషన్ అయితే నలభై మూడు రోజులు బెంగుళూరు ఆస్పత్రి దగ్గర ఉన్నాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆమెకు స్కేలు చదవడం రాదు. తిరిగి వచ్చేసరికి డబ్బా ఎండిపోయి ఉంది. నడుమ వాన పడిందని వీధిలో చెప్పారు గానీ, నేను కొలవని అంకె నేను రాయను. అందుకే ఆ గడులు వదిలేశాను. వదిలేసిన గడి, వాన పడని గడి, రెండూ ఒకే తెలుపు. అప్పుడే ఆ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. పదో తరగతి తప్పినవాడి పేరు వేరే దేశంలో అచ్చులో వస్తుందని మస్తాన్ అప్పటికే సగం ఊరికి చెప్పాడు. నేనూ కాదనలేదు. ఒక్క ఏడాదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. లెక్క తెలిసినవాడు ఆ మాట అనకూడదు.

ఆ నెలాఖరు రాకముందే వాళ్ళ దేశంలో భూకంపం వచ్చింది. టీవీలో చూసి ఫోన్ చేస్తే, అమ్మానాన్నలు క్షేమమేననీ, ఇంకో ఊళ్ళో ఉండే హలా సంగతి తెలియలేదనీ చెప్పింది. చిన్నప్పుడు ఆమెకు వేళ్ళ మీద లెక్కపెట్టడం నేర్పింది ఆ మేనత్తేనట. మూడో రోజు గదిలో ఒంటరిగా ఉండలేక ఒక సంచితో మా ఇంటికి వచ్చేసింది. ఫోను చేతిలో పట్టుకుని అమ్మ పక్కన కూర్చునేది. మస్తాన్ వచ్చి, ఎంతమంది పోయినారంట అని మెల్లగా అడిగాడు.

"పొద్దున ఒక అంకె చెప్తారు అన్నా, సాయంత్రం ఒకటి చెప్తారు. అది పోయినోళ్ళ లెక్క కాదు. ఇంతవరకూ లెక్కపెట్టినోళ్ళ లెక్క" అంది. ఫోను వైపు చూస్తూ, "మా హలా పేరు పోయినోళ్ళలో లేదు, ఆస్పత్రుల్లో లేదు. ఆమె పేరు దగ్గర ఖాళీ ఉండాది" అంది.

అమ్మ ఆమె చేయి తన ఒళ్ళోకి తీసుకుంది. "పేరు రాయలేదంటే మనిషి లేదని కాదు తల్లీ. ఆడికి పోయి చూసినోళ్ళు ఇంకా లేరని."

నేను మగ్గంలో ఉన్నాను. అడ్డపోగు తీసుకుపోయే నాడె చేతిలోనే ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళు నా పుస్తకంలో కలిపేసిన రెండింటిని, చదువు రాని మా అమ్మ ఒక్క మాటతో విడదీసింది. ఆ పూట ఇంక నేయలేకపోయాను.

పదకొండో రోజు హలా పేరు దొరికింది, పోయినవాళ్ళ జాబితాలోనే. గుల్‌షెన్ ఫోను కింద పెట్టి, "ఇప్పుడు ఏడ్వొచ్చు" అని తనకు తానే చెప్పుకుని, అప్పుడు ఏడ్చింది. వీధిలోని ఆడవాళ్ళు పలకరించడానికి వస్తే లేచి, సంచిలో నుంచి ఒక సీసా తీసి, వచ్చినవాళ్ళందరి అరచేతుల్లో ఇంత పోసింది. అది నిమ్మకాయ అత్తరు. చావు ఇంటికి వచ్చినవాళ్ళకు అలా చేతుల్లో పోయడం వాళ్ళ ఆచారమట. మా వాళ్ళు ఏం చేయాలో తెలియక తీర్థంలా పట్టుకుని నిలబడ్డారు. రుద్దుకోవాలని ఆమె చేసి చూపించింది. ఇల్లంతా నిమ్మకాయ వాసన నిండింది.

ఇంకో వారానికి మళ్ళీ కంప్యూటర్ తెరిచింది. ఇక పంపేస్తానంది. నేను గుంతలోంచి లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"గుల్షనమ్మా, ఆ అరవై ఒక్క దినాల్లో నలభై మూడు దినాలు నేను ఈడ లేను."

ఆమె చేతులు మీటల మీద నుంచి తీసింది. "యాడుండావు?"

"బెంగుళూరులో. మా ఇంట్లోదానికి ఆపరేషన్. డబ్బాలో చూసినోళ్ళు ఎవరూ లేరు. అవి వాన పడని ఖాళీలు కాదు."

"వాన పడిందా?"

వంటింట్లో నుంచి అమ్మే జవాబు చెప్పింది. రెండు దినాలు బాగానే పడింది, మగ్గం గుంతలోకి ఊట కూడా వచ్చింది అంది.

గుల్‌షెన్ ఆ బొమ్మనే చూస్తూ ఉంది. "నీకు ఎప్పుడు తెలుసు అన్నా?"

"నువ్వు ఆ గీత చూపించినాడే తెలుసు. నా పేరు తీసేయమ్మా."

తిడుతుందనుకున్నాను. ఆమె కంప్యూటర్ మూసి, "మొదటి దినం ఖాళీ అంటే ఏమని ఒక్కసారి అడిగినా. పంతొమ్మిది పుస్తకాలకు ఒక్క ప్రశ్న. ఆ గీత అంత పొడుగు వచ్చేసరికి నాకు బాగుండింది. బాగుండింది కాబట్టే రెండోసారి అడగలేదు. నచ్చని అంకె వచ్చింటే పదిసార్లు అడిగింటా" అంది. ఆ మాటలో నన్ను ఓదార్చాలన్న ప్రయత్నం లేదు. తన తప్పు తాను కొలుచుకుంటోంది. అందుకే అది నాకు లోతుగా తగిలింది.

ఆ సాయంత్రం నుంచి నాలుగు రోజులు పంతొమ్మిది పుస్తకాలూ మళ్ళీ మొదటి నుంచి తిరగేశాం. ఒక్కో ఖాళీ దగ్గర ఆగి, ఆ రోజుల్లో నేనెక్కడున్నానని ఆమె అడగడం, నేను తడుముకోవడం, అమ్మ చెప్పడం. మా చిన్నాయన చనిపోయిన తొమ్మిది రోజులు, తిరుమల పోయిన ఐదు రోజులు, జ్వరంతో నేను మంచం పట్టిన ఇరవై రోజులు, మస్తాన్ కూతురు పెళ్ళికి రాప్తాడు పోయిన నాలుగు రోజులు. గడుల్లో అంకెలు లేనిచోట మా ఇంటి చరిత్ర అంతా బయటపడింది. నిజంగా చూసి వాన పడని రోజుకు సున్నా అనీ, చూడని రోజుకు 'చూడలేదు' అనీ రాద్దామని గుల్‌షెన్ అంది. సున్నాకు అమ్మ ఎలాగో ఒప్పుకుంది గానీ, చూడలేదులో కూడా 'లేదు' ఉంది కదా అని అడ్డం తగిలింది. గుల్‌షెన్ పెన్ను పక్కన పెట్టి నిజంగానే ఇంకో మాట కోసం వెతకసాగింది. చివరికి అమ్మే, "లేనిది నీ చూపు కదా, వాన కాదు. రాసుకోండి పో" అంది.

పంతొమ్మిదేళ్ళలో నమ్మదగిన ఏళ్ళు ఏడు మిగిలాయి. ఏడింటితో ఎడం పెరుగుతోందనీ చెప్పలేం, పెరగడం లేదనీ చెప్పలేం. ఆమె అదే రాసింది. వాళ్ళ యూనివర్సిటీలోని గురువుకు కోపం వచ్చింది. వేరే ఊళ్ళ లెక్కలు కూడదీయడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలు ఎండలో ఆమె తిరిగిన తిరుగుడుకు కారణం నేను. ఆమె ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. తన దేశానికి తిరిగి పోయే ముందు వచ్చి, వ్యాసంలో నా గురించి రాసిన వాక్యాలను తెలుగులో కూడబలుక్కుంటూ చదివింది. "ఈ పుస్తకాలు రాసిన మనిషి, తాను చూడని రోజులు ఏవో తానే చెప్పాడు. అందువల్లనే మిగతా రోజులను నమ్ముతున్నాము." కింద నా పేరుంది. నేను మస్తాన్‌కు చూపించలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆమె దగ్గర నుంచి ఒక మెసేజ్ వస్తుంది. వాళ్ళ ఊళ్ళో ఎంత పడింది, మా ఊళ్ళో ఎంత పడింది, అంతే.

పోయినేడు రెండు రోజులు తెరిపి లేకుండా వాన కురిసి వీధిలోని మగ్గం గుంతల్లోకి నీళ్ళు వచ్చాయి. చేనేత ఆఫీసు నుంచి ఒకాయన నష్టపరిహారం కోసం వివరాలు రాసుకోవడానికి వచ్చి, ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేక, లెక్క తెలిసినవాణ్ణని నన్నే అడిగాడు. అన్ని మగ్గాలూ మునిగినాయని రాయించమని మస్తాన్ సైగ చేశాడు. నేను చూసింది ఆరిళ్ళేననీ, మిగతావి చూసి చెబుతాననీ అన్నాను. "ఆ టర్కీ అమ్మి వచ్చి నిన్ను బాగా చెడగొట్టిందిలే అన్నా" అని గొణుగుతూనే మస్తాన్ నా వెంట వచ్చాడు. ముప్పై నాలుగు గుంతలు చూసేసరికి మధ్యాహ్నమైంది. ఇరవై ఒకటి మునిగాయి, పన్నెండు మునగలేదు, ఒకటి మేము చూసేసరికి తోడేశారు గానీ గోడకు తడి గీత ఉంది. ముప్పై ఐదో ఇంటికి తాళం వేసి ఉంది. మెట్ట మీది ఇల్లు, దాంట్లోకి నీళ్ళు రావు, సున్నా వేసి ముగించండి అన్నాడు ఆయన. నేను కాగితం తీసుకుని ఆ ఇంటి ఎదురుగా 'చూడలేదు' అని రాశాను. అట్లా రాస్తే జాబితా మూయడానికి లేదని ఆయన విసుక్కున్నాడు. ఒక్క రోజు ఆగమన్నాను.

మరునాడు ఆ ఇంటావిడ హిందూపురం నుంచి వచ్చి తాళం తీసింది. వెనక గోడ నుంచి ఊట ఎక్కి ఉంది. మగ్గం గుంతలో మోకాలి లోతు నీళ్ళున్నాయి.